మనసు మందులు – మేని కదలికలు

పెరట్లో ఒక యువకుడు ఈ గోడనుండి ఆ గోడకు, ఆ గోడనుండి ఈ గోడకు నడుస్తున్నాడు. పది రోజుల క్రితం వరకు అతనికి లేని గొంతులు వినిపించేవి. ఎవరో తనను చంపజూస్తున్నారన్న భయంతో రాత్రివేళ తలుపు గడియను పదేపదే తడిమి చూసుకొనేవాడు. మనోవైద్యుడు ఇచ్చిన మందుతో గొంతులు సన్నగిల్లాయి, నిద్ర పట్టింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొన్నారు. అంతలోనే ఈ నడక మొదలయింది. కంచం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలు తిని లేస్తాడు. మంచం మీద పడుకొంటే కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు. కాలుగాలిన పిల్లి వలె తిరుగుతున్న కొడుకును చూసి, జబ్బు తిరగబెట్టిందని తల్లి కన్నీరు పెట్టుకొన్నది. చెప్పిన మాట వినని మొండితనమని తండ్రి విసుక్కొన్నాడు. ఇద్దరి ఊహా తప్పే. అతనిని నిలువనీయకుండా నడిపిస్తున్నది అతడు రోజూ మింగుతున్న మందు.

మనోవ్యాధులకు వాడే కొన్ని మందులు శరీర చలనాలను కూడా తారుమారు చేస్తాయి. ఆ మార్పును మందు పనిగా గుర్తించకపోతే చిక్కులు రెండు విధాలుగా వస్తాయి. వ్యాధి ముదిరిందని భావించి మోతాదు పెంచితే బాధ రెట్టింపవుతుంది. లేదా రోగి ఎవరికీ చెప్పక మందు మానివేస్తాడు. కొన్ని వారాలకో నెలలకో పాత వ్యాధి తిరిగి వస్తుంది. మొదటి పొరపాటుకంటె రెండవది ఎక్కువగా జరుగుతుంది. మందు మానిన రోగిని అందరూ నిందిస్తారే కాని, ఎందుకు మానవలసి వచ్చిందని అడిగేవారు తక్కువ.

ఈ మందుల చరిత్రలో తొలి పుట మన దేశపు మొక్కది. సర్పగంధ అనే చిన్న పొద వేరును నాటువైద్యులు పాముకాటుకు, నిద్రలేమికి, ఉన్మాదానికి తరతరాలుగా వాడేవారు. బీహారు ప్రాంతంలో దానికి ‘పాగల్ కీ దవా’, అనగా పిచ్చికి మందు, అనే పేరే ఉండేది. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఆ వేరు ఉన్మాదంలోను, అధిక రక్తపోటులోను పనిచేస్తుందని వైద్యపత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మరి రెండేళ్లకు అమెరికాలో నేథన్ క్లైన్ దానిని మానసిక చికిత్సాలయంలోని రోగులకు వాడి ఫలితాలను వెల్లడించాడు.

సరిగా అదే కాలంలో ఫ్రాన్సులో మరొక మందు మరొక దారిన వచ్చింది. 1950 డిసెంబరులో పాల్ షార్పాంటియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు క్లోర్‌ప్రోమజైన్‌ను తయారుచేశాడు. శస్త్రచికిత్సకు ముందు దీనిని వాడి చూసిన ఆన్రీ లాబొరీ అనే సైనిక వైద్యుడు ఒక వింతను గమనించాడు. రోగులు మెలకువగానే ఉంటున్నారు. కాని చుట్టూ జరిగేదాని పట్ల కలత చెందటం లేదు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రి వైద్యులు జాన్ డెలే, పియెర్ డెనికెర్ దీనిని ఉన్మాద రోగులకు ఇచ్చారు. అంతకు పూర్వం ఉన్మాదానికి చికిత్స అంటే ఇన్సులిన్‌తో స్పృహ తప్పించడం, మెదడులోని నాడులను కోయడం, కట్టి ఉంచడం. ఏళ్ల తరబడి గోడలకే పరిమితమైన మనుషులు ఈ మందుతో మాట్లాడసాగారు, కొందరు ఇళ్లకు వెళ్లారు. ఆ మేలు చిన్నది కాదు. ఈ మందుల దోషాలను చెప్పేటప్పుడు దీనిని మరువరాదు.

అయితే మాట తిరిగి వచ్చినవారిలో కొందరికి నడక బిగుసుకొన్నది. ముఖంలో భావం తగ్గింది, చేతులు వణికాయి, అడుగులు పొట్టివయ్యాయి. 1954లో స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ స్టెక్ ఈ సంగతిని నమోదు చేశాడు. రిసర్పిన్ తీసుకొన్నవారిలోను, క్లోర్‌ప్రోమజైన్ తీసుకొన్నవారిలోను కంపవాతపు లక్షణాలే కనిపించాయి. ఒకటి చెట్టు వేరు సారం, మరొకటి ప్రయోగశాలలో పుట్టినది. రసాయన నిర్మాణంలో వాటికి పోలిక లేదు. అయినా రెండూ మనసును శాంతింపజేశాయి, రెండూ మేనిని బిగించాయి. దీనికి కారణమేమిటి?

సమాధానం స్వీడన్‌లో కుందేళ్ల ద్వారా దొరికింది. 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కించగా అవి కదలక మెదలక చతికిలబడ్డాయి. పిమ్మట ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా కొద్దిసేపటిలోనే తేరుకొని తిరుగాడాయి. ఎల్-డోపా మెదడులో డోపమిన్‌గా మారుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సందేశం పంపడానికి వాడే రసాయనాలలో డోపమిన్ ఒకటి. దానిని చిన్న చిన్న సంచులలో నింపి ఉంచుకోవడం నాడీకణం పని. రిసర్పిన్ ఆ సంచులను నింపనీయదు. నిలువ ఖాళీ అవుతుంది, చలనం ఆగుతుంది. 1960లో వియన్నా నగరంలో ఏరింగర్, హోర్నికీవిచ్ అనే శాస్త్రజ్ఞులు కంపవాతంతో మరణించినవారి మెదళ్లను పరీక్షించి, చలనాలను నియంత్రించే భాగంలో డోపమిన్ బాగా తగ్గి ఉన్నట్లు చూపారు. 1963లో కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ కలిసి క్లోర్‌ప్రోమజైన్ రహస్యాన్ని విప్పే దారి చూపారు. ఈ మందు డోపమిన్‌ను తగ్గించదు. డోపమిన్ వచ్చి చేరవలసిన గ్రాహకాలను మూసివేస్తుంది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానం లభించింది.

ఇక్కడ మన పల్లెల్లో అందరికీ తెలిసిన మరొక మొక్కను తలచుకోవాలి. కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి అది. దాని గింజలలో ఎల్-డోపా ఉన్నదని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. డోపమిన్ నిలువను ఖాళీ చేసేది, డోపమిన్‌గా మారేది, రెండూ ఈ నేలలో మొలిచే మొక్కలలోనే ఉండటం చిత్రమే.

మనసును కుదుటపరిచే మందు కదలికల జోలికి ఎందుకు పోతుందో ఇప్పుడు తెలుస్తుంది. ఒకే చెరువు నీరు వేర్వేరు కాలువల గుండా వేర్వేరు ఆయకట్టులకు పారినట్లు, మెదడులో డోపమిన్ వేర్వేరు మార్గాలలో పనిచేస్తుంది. ఒక మార్గం ఆసక్తికి, అనుభవాలకు ప్రాముఖ్యం ఇవ్వడానికి సంబంధించినది; ఉన్మాదంలో ఇక్కడ డోపమిన్ ఉరవడి ఎక్కువవుతుంది. మరొక మార్గం చలనాలను క్రమపరుస్తుంది. ఇంకొకటి పాలు పడటానికి కారణమైన హార్మోనును అదుపులో ఉంచుతుంది. మందుకు ఏ పొలంలో నీరు ఎక్కువయిందో తెలియదు. రక్తంతో పాటు అన్ని చోట్లకూ పోయి అన్ని మడవలనూ మూస్తుంది. మెదడును సజీవంగా చిత్రించే పెట్ స్కానింగ్ వచ్చిన తరువాత ఈ మూత ఎంతో కొలవడం సాధ్యమయింది. డీ-2 అనే రకం గ్రాహకాలలో సుమారు 65 శాతం మూతపడితే ఉన్మాద లక్షణాలు తగ్గడం మొదలవుతుంది. సుమారు 80 శాతానికి చేరితే కదలికల చిక్కులు తలెత్తుతాయి. మేలుకూ కీడుకూ నడుమ ఉన్న గట్టు ఇంత సన్ననిది. ఒకరికి సరిపోయిన మోతాదు మరొకరికి ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ చిక్కులన్నీ ఒకేసారి రావు, ఒకే తీరుగానూ ఉండవు. మందు మొదలుపెట్టిన కొద్ది గంటలనుండి కొద్ది రోజులలోపు వచ్చేది కండరాల మెలిక. మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకొంటుంది, దవడ పట్టేస్తుంది, నాలుక బయటకు వస్తుంది, కనుగుడ్లు పైకి నిలిచిపోతాయి. ఇది యువకులలో ఎక్కువ. చూసినవారికి గాలి సోకిందేమో, దయ్యం పట్టిందేమో అనిపించేంత భయంకరంగా ఉంటుంది. భూతవైద్యుని వద్దకు పరుగెత్తేవారూ ఉంటారు. నిజానికి వీటన్నింటిలోనూ సులభంగా లొంగేది ఇదే. ప్రొమెథజైన్ వంటి మందు సూదిగా ఇస్తే సాధారణంగా అరగంటలోపు మెడ విడుతుంది. అరుదుగా గొంతు కండరాలు బిగిసి ఊపిరికి అడ్డుపడవచ్చు కనుక ఆలస్యం చేయరాదు. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా డోపమిన్ గ్రాహకాలను మూసేదే. అందువల్ల మనోవ్యాధి ఏ మాత్రమూ లేని పిల్లలకు, యువతకు ఒక్కొక్కసారి ఇదే మెలిక వస్తుంది.

తొలి పేరాలోని యువకుని బాధ వేరు. దానిని వైద్యులు అకథీసియా అంటారు. ‘కూర్చోలేకపోవడం’ అని గ్రీకు భాషలో దానికి అర్థం. ఈ మందులు పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే, 1901లో, ప్రేగ్ నగర వైద్యుడు హస్కోవెట్స్ ఈ పేరు పెట్టాడు. పైకి కనిపించే నడక ఇందులో సగమే. లోపల ఏదో తరుముతున్నట్లు, ఎముకలలో చీమలు పాకుతున్నట్లు, ఎక్కడ ఉన్నా అక్కడ ఉండలేనట్లు ఉంటుంది. ఆ స్థితిని చెప్పడానికి రోగికి మాటలు దొరకవు. ‘కంగారుగా ఉంది’ అని మాత్రం అంటాడు. కంగారును వ్యాధిలో భాగమని తలచి మోతాదు పెంచే ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఈ బాధ తాళలేక బతుకు మీద విరక్తి చెందినవారు ఉన్నారు కనుక దీనిని తేలికగా తీసుకొనే వీలు లేదు. కూర్చున్నప్పుడు కాళ్లు ఎలా ఉంటున్నాయి, నిలబడితే ఒక కాలినుండి మరొక కాలికి బరువు మార్చుకోవాలనిపిస్తున్నదా, ఇది మందుకు ముందు ఉన్నదా తరువాత వచ్చిందా అని అడిగితే చాలావరకు సంగతి తేలుతుంది. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనొలాల్ చేర్చడం ఇందుకు వాడే ఉపాయాలు.

మందు వల్ల కలిగే కంపవాతం కొన్ని రోజులనుండి వారాలలో నెమ్మదిగా వస్తుంది; వృద్ధులలో ఎక్కువ. నెమ్మదిగా రావడం వల్ల దానిని సోమరితనమనో దిగులు అనో పొరబడతారు. దీనికి సంబంధించి వైద్యచరిత్రలో ఒక విచిత్రమైన ఘట్టం ఉన్నది. జర్మనీ వైద్యుడు హాన్స్ యోకిమ్ హాసె రోగుల చేత తరచుగా రాయించి వారి చేతివ్రాతను పరిశీలించేవాడు. అక్షరాలు కొద్దిగా చిన్నవై బిగిసిన రోజున మందు సరియైన మోతాదుకు చేరినట్లు అతని లెక్క. అంటే కండరాలను కాస్తయినా తాకనిదే మందు మనసును తాకదని నమ్మాడు. హాసె ఉద్దేశం మంచిదే. అక్షరాలు చిన్నవయ్యేంత మోతాదు చాలును, అంతకు మించరాదని అతడు చెప్పాడు. కాని బిగువు లేనిదే మేలు లేదన్న నమ్మకం మాత్రం వైద్యలోకంలో పాతుకుపోయింది. రోగి బిగుసుకోవడాన్ని దోషంగా కాక చికిత్స ఫలించిన గుర్తుగా చూసిన కాలం అది. ఎందరో రోగులు ఆ నమ్మకానికి తమ శరీరంతో వెల చెల్లించారు.

అన్నింటికంటె మొండిది చివర వచ్చేది. నెలల తరబడి, ఏళ్ల తరబడి మందు వాడిన పిమ్మట కొందరిలో పెదవులు, నాలుక, దవడ తమంత తాము కదలడం మొదలవుతుంది. ఆకువక్క నములుతున్నట్లు, పెదవులు చప్పరిస్తున్నట్లు కనిపిస్తుంది. వేళ్లు తీగలు మీటినట్లు ఆడవచ్చు, నడుము ముందుకూ వెనుకకూ ఊగవచ్చు. నిద్రలో ఈ కదలికలు ఉండవు. 1957లో జర్మనీలో షోనెకర్ ఇట్టి రోగులను వర్ణించగా, 1964లో డెన్మార్కుకు చెందిన ఫౌర్బై ‘టార్డివ్ డిస్కినీసియా’ అనే పేరు పెట్టాడు. ఆలస్యంగా వచ్చే కదలికల వికారం అని దాని భావం. పాత తరం మందులు వాడే పెద్దవారిలో ఏడాదికి నూటికి సుమారు ఐదుగురికి ఇది కొత్తగా వస్తుందని అంచనా. వృద్ధులలో ఈ ముప్పు దానికి కొన్ని రెట్లు. మందులు పుట్టక ముందు కూడా స్కిజోఫ్రీనియా రోగులలో కొందరికి ఇటువంటి కదలికలు ఉండేవి కనుక ప్రతి చలనమూ మందు వల్లనే అని చెప్పడానికి లేదు.

ఎంతోకాలం డోపమిన్ అందక అలమటించిన నాడీకణాలు తమ గ్రాహకాల సంఖ్యను, సున్నితత్వాన్ని పెంచుకొంటాయని, ఆపై అందిన కొద్దిపాటి డోపమిన్‌కే అతిగా స్పందిస్తాయని దీనికి ఒక వివరణ. ఈ వివరణ సంపూర్ణం కాకపోయినా ఒక పెద్ద చిక్కును బోధపరుస్తుంది. మందు తగ్గిస్తే కదలికలు కొంతకాలం ఎక్కువవుతాయి; పెంచితే అణగిపోతాయి. అణిగినప్పుడు నయమయిందని సంబరపడితే, మూత కింద వ్యాధి ముదురుతుంది. వణుకుకు, బిగువుకు మన దేశంలో విరివిగా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఇక్కడ పనికిరాదు, పైగా కీడు చేయవచ్చు. ఆ మాత్రను అవసరం తీరిన తరువాత కూడా ఏళ్ల తరబడి వాడితే నోరు ఎండటం, మలబద్ధకం, మరపు వంటి ఇబ్బందులు చేరుతాయి. ఎప్పుడో ఒకనాడు రాసిన చీటీని మళ్లీ మళ్లీ చూపి అవే మందులు కొనుక్కొనే అలవాటున్న చోట ఇది తరచుగా జరిగేదే. ఈ కదలికల వల్ల నొప్పి అంతగా లేకపోయినా, బస్సులో పక్కవారు తేరిపార చూడటం, పిల్లలు వెక్కిరించడం, పెండ్లి పందిళ్లకు పిలువకపోవడం రోగిని ఇంటికి కట్టివేస్తాయి.

కండరాల బిగువుతో పాటు తీవ్ర జ్వరం, చెమటలు, మతి తప్పడం కనిపిస్తే అది వేరొక ఆపద. గంటల మీద ఆసుపత్రికి చేర్చాలి. లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందుల వల్ల చేతులకు సన్నని వణుకు రావడం మరొక విషయం. లిథియం వాడేవారిలో ఆ వణుకు పెద్దదై వాంతులు, తూలుడు తోడయితే రక్తంలో మందు మితిమీరిందని అనుమానించాలి.

కండరాల బిగువు లేనిదే మేలు లేదన్న నమ్మకాన్ని పడగొట్టినది క్లోజపైన్. 1958లో స్విట్జర్లాండులో తయారయిన ఈ మందు మనిషిని బిగించకుండానే ఉన్మాదాన్ని తగ్గించింది. అయితే 1975లో ఫిన్లాండులో దీనిని వాడినవారిలో తెల్లరక్తకణాలు పడిపోయి కొందరు మరణించడంతో చాలా దేశాలలో వెనుకకు పోయింది. ఇతర మందులకు లొంగని రోగులలో ఇది పనిచేస్తుందని 1988లో జాన్ కేన్ బృందం నిరూపించగా, మరుసటి ఏడాది అమెరికాలో రక్తపరీక్షల కట్టుబాటుతో అనుమతి లభించింది. 1993లో రిస్పెరిడోన్‌కు, 1996లో ఒలాంజపైన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. వీటి వల్ల కదలికల చిక్కులు తగ్గాయే కాని పూర్తిగా పోలేదు. కొన్నింటి వల్ల బరువు, రక్తంలో చక్కెర పెరగడం కొత్త తలనొప్పి అయింది. చవకైన హాలోపెరిడాల్, ఫ్లూఫెనజైన్ వంటి పాత మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో నేటికీ ఉన్నాయి. అందువల్ల ఈ కదలికల సంగతి గడచిన కథ కాదు.

2017లో అమెరికాలో వాల్బెనజైన్, డ్యూటెట్రాబెనజైన్ అనే రెండు మందులకు టార్డివ్ డిస్కినీసియా చికిత్సకై అనుమతి లభించింది. అవి చేసే పని ఆసక్తికరమైనది. డోపమిన్‌ను చిన్న సంచులలో నింపే ప్రక్రియను అవి మితంగా, తిరిగి సరిచేయడానికి వీలుగా తగ్గిస్తాయి. రిసర్పిన్ మొరటుగా చేసిన పనినే అవి సున్నితంగా చేస్తున్నాయి. ఒకప్పుడు కదలికలను కట్టివేసిన సర్పగంధ మార్గమే అదుపు తప్పిన కదలికలకు పగ్గమయింది.

మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సతో పాటు దానివల్ల కలుగగల దుష్ప్రభావాలను తెలుసుకొనే హక్కును రోగికి ఇచ్చింది. కదలికలను గుర్తించడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. 1976 నుండి వాడుకలో ఉన్న పన్నెండు అంశాల కొలమానం ఒకటి ఉన్నది; దానికి పది నిమిషాలు చాలును. రోగిని పాదరక్షలు విప్పి కుర్చీలో కూర్చోమంటారు. నోటిలో ఏమైనా ఉన్నదా అని ముందే అడుగుతారు. నోరు తెరువమని నాలుకను చూస్తారు. బొటనవ్రేలితో మిగిలిన వేళ్లను ఒక్కొక్కటిగా తాకమని, ఆ సమయంలో ముఖాన్నీ కాళ్లనూ గమనిస్తారు. లేచి నాలుగడుగులు నడిచి రమ్మంటారు.

పెరట్లో తిరిగే ఆ యువకుని వంటివారిని తల్లి వైద్యుని వద్దకు తిరిగి తీసుకొని వెళ్లి, ‘అయ్యా, గొంతులు తగ్గాయి, కాని కూర్చోలేకపోతున్నాడు, మందు మొదలయిన ఐదో రోజునుండి ఇలా ఉంది’ అని చెప్పగలిగితే వైద్యునికి సగం పని తీరినట్లే. మోతాదు తగ్గించి మరొక మాత్ర చేర్చిన పిమ్మట, చాలామంది కొద్ది రోజులలోనే కంచం ముందు కూర్చొని కడుపారా అన్నం తింటారు.